విజయవాడలో మీ వీధికి ఏ చెట్టు, ఎక్కడ? నాటే ముందు తేల్చుకోవాల్సినవి

తొలకరి పడగానే మన ఊళ్లో కాలనీ సంఘాలకీ, అపార్ట్‌మెంట్ కమిటీలకీ మొక్కల మీదికి మనసు మళ్లుతుంది. వాట్సాప్ గ్రూపులో ఒకరు కోనోకార్పస్ వేద్దామంటారు, తొందరగా గోడలా లేస్తుందని. ఒకరు వేప తప్ప ఇంకేదీ వద్దంటారు. ఇంకొకరు పార్కులో మియావాకీ వనం (చిక్కగా నాటే చిన్న అడవి) పెడదామంటారు. అసలు చోటేదీ, పైన తీగలు, కింద డ్రైనేజీ అని మరొకరు. అందరి మాటలోనూ ఎంతో కొంత నిజముంది. ఏదీ తేలక, చివరికి నర్సరీ బండిలో ఏది వస్తే అది నాటేస్తాం. మళ్లీ మే వచ్చేసరికి సగం మోడులు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ జాతి అన్నది రెండో ప్రశ్న. ఆ నీడ ఎవరి నెత్తిన పడాలి, మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లెవరు పోస్తారు అన్నవి ముందు తేలాలి. ఈ రెండూ తేలితే జాతి ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు.

## ముందుగా చూసుకోవాల్సినవి

నీడ ఎవరికి కావాలి? 2015 మే నెల వడగాడ్పులకి ఆంధ్ర, తెలంగాణల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఎండలో పనిచేసేవాళ్లు, వయసు పైబడినవాళ్లు. ఏసీ గదిలో ఉన్నవాళ్లకి వీధి చెట్టు అందం. అడ్డా మీద పని కోసం నిలబడ్డ కూలీకి, తోపుడు బండి మీద పళ్లు అమ్ముకునే ఆవిడకి, ఆటో స్టాండులో సవారీ కోసం చూసే డ్రైవరుకి అదే ఆసరా. మొగల్రాజపురం, లబ్బీపేటల్లో పాత ఇళ్ల ప్రహరీల మీదుగా రోడ్డు మీదికి వాలిన చెట్లు ఇంకా కనిపిస్తాయి. వన్‌టౌన్ సందుల్లో గోడకి గోడ ఆనుకుని ఇళ్లుంటాయి, పిడికెడు మట్టి కనపడదు. పేదలకి ప్రభుత్వం కట్టించిన వాంబే కాలనీ లాంటి చోట్ల ఇళ్లు చిన్నవి, పైకప్పు వేడి నేరుగా మంచం మీదికి దిగుతుంది. చెట్ల అవసరం ఎక్కడ ఎక్కువో చెప్పడానికి సర్వే అక్కర్లేదు. మధ్యాహ్నం మూడింటికి ఒకసారి నడిస్తే చాలు.

పట్టణ వనాల మీద పనిచేసే సెసిల్ కోనైనండైక్ అనే నిపుణుడు 2021లో 3-30-300 అని ఒక కొలత చెప్పాడు. ప్రతి ఇంట్లోంచి కనీసం 3 చెట్లు కనపడాలి, పేట విస్తీర్ణంలో 30 శాతం మీద చెట్ల గొడుగు ఉండాలి, 300 మీటర్ల లోపు పార్కు ఉండాలి. మన ఊళ్లో చాలా పేటలు దీనికి దరిదాపుల్లో లేవు. అయినా ఈ కొలత పనికొస్తుంది, ఎందుకంటే ఇది ఊరు మొత్తానికి సగటు తీసి మురిసిపోనివ్వదు. ఒక్కో ఇంటి దగ్గర నిలబడి లెక్క చూడమంటుంది.

నీడ ఎటు పడుతుంది? దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. మే నెలలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకి ఇంచుమించు నడినెత్తినే ఉంటాడు. ఆ వేళ చెట్టు నీడ దాని కిందే పడుతుంది కాబట్టి చెట్టు ఎత్తు కన్నా విస్తీర్ణం ముఖ్యం. సన్నగా నిటారుగా పెరిగే నరమామిడి (మనం అశోక అని పిలిచేది) వరసగా ఇరవై వేసినా కింద ఒక మంచం పట్టేంత నీడ రాదు. సాయంత్రం వైపు ఎండ పడమర నుంచి ఏటవాలుగా వస్తుంది. బస్ స్టాప్‌కైనా ఇంటి గోడకైనా పడమర పక్కన ఉన్న చెట్టే అప్పుడు కాపాడుతుంది.

వరద, గాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మునగ, బొప్పాయి లాంటివి వేళ్లలో నీళ్లు నిలిస్తే కుళ్లిపోతాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంటే మనకి చాలా దగ్గరే. మే నెల ఎండకీ, సెప్టెంబరు వరదకీ, డిసెంబరు గాలికీ తట్టుకునే చెట్టు కావాలి మనకి. మూడింటికీ తట్టుకునేవి కొద్దే గానీ, ఉన్నాయి.

తీగలు, పైపులు. తీగ కింద పెద్దయ్యే చెట్టు నాటితే ఏటా వానలకి ముందు కరెంటు వాళ్లు వచ్చి తీగ వైపు కొమ్మలన్నీ నరుకుతారు. వాళ్ల తప్పేం లేదు, లైన్ క్లియర్ చేయకపోతే ప్రమాదం. కానీ ఒకవైపు బరువంతా పోయిన చెట్టు రెండో వైపుకి ఒరుగుతుంది, గాలివానలో అటే పడుతుంది.

## ఎక్కడ నాటాలి?

రోడ్డు పక్కన. నీడ నడిచేవాళ్ల మీదే పడుతుంది కాబట్టి నా మొదటి ఓటు దీనికే. ఖర్చూ శ్రమా కూడా దీనికే ఎక్కువ. రోడ్డు పక్క నేల సాధారణంగా మట్టి కాదు. పాత కంకర, ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు. మూడడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గొయ్యి తీసి, చెత్తంతా ఎత్తిపోసి, మంచి మట్టి, మాగిన పశువుల ఎరువు నింపాలి. పైన కనీసం మీటరు చదరం సిమెంటు వేయకుండా వదలాలి. కొత్త సీసీ రోడ్డు వేసినప్పుడల్లా కాంట్రాక్టరు మనుషులు చెట్టు కాండం దాకా సిమెంటు పూసుకుంటూ పోతారు. అలా పూసిన చెట్టు దగ్గర కూర్చుని చూడండి. కాండం చుట్టూ సిమెంటు పగులుతూ ఉంటుంది, బెరడు ఆ అంచుకి ఒరుసుకుని ఉబ్బిపోతుంది, వాన నీళ్లు ఒక్క చుక్కా లోపలికి దిగకుండా పక్క డ్రెయిన్‌లోకి పోతాయి. వేళ్లు గాలి, నీళ్ల కోసం డ్రెయిన్ గోడ వైపు వెళ్తాయి, గోడ పగులుతుంది, తర్వాత చెట్టుని తిడతాం. సీసీ రోడ్డు పనులు మొదలయ్యే రోజున కాలనీ తరఫున ఎవరో ఒకరు అక్కడ నిలబడి, గొయ్యి చుట్టూ ఇటుక అంచు కట్టించాలి.

డివైడర్ మీద. కార్పొరేషన్లకి, స్పాన్సర్లకి ఇది ఇష్టం. ట్యాంకర్‌తో నీళ్లు పోయడం తేలిక, కారులో పోయేవాళ్లకి కనపడుతుంది. కానీ డివైడర్ కింద ఎవరూ నిలబడరు. దుమ్ము ఆపుతుంది, కంటికి చల్లగా ఉంటుంది, అంతవరకే. మీ వార్డుకి మొక్కల డబ్బు కొంతే ఉంటే అది డివైడర్‌కి పోకుండా అడగండి. ఆ మొక్కలే బస్ స్టాప్ వెనక, ప్రభుత్వ బడి గేటు బయట, రైతు బజారు అంచున పెడితే పదింతల మందికి ఉపయోగం.

గేటు లోపల. చోటున్న ఇంటివాళ్లకి ఇది తేలిక. నీళ్లు ఎలాగూ పోస్తారు, పశువులు మేయవు, ఎవరూ విరవరు. ప్రహరీకి లోపల పడమర వైపు నాటితే ఇంటికి సాయంత్రం చల్లదనం వస్తుంది, కొమ్మ బయటికి వాలితే వీధికీ కాస్త నీడ. కానీ ఊరి చెట్ల భారమంతా సొంత స్థలాల మీద వేస్తే, స్థలమున్న పేటలే పచ్చగా ఉంటాయి, లేనివి ఎండుతూనే ఉంటాయి. పైగా పాత ఇల్లు కొట్టేసి అపార్ట్‌మెంట్ కట్టిన రోజున ముందు పోయేది ఆ చెట్టే. చెట్టు మన ప్రహరీలోనే ఉన్నా, కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలన్న సంగతి చాలామందికి తెలియదు.

మియావాకీ వనం. జపాన్ వృక్ష శాస్త్రవేత్త అకీరా మియావాకీ పద్ధతి. చదరపు మీటరుకి మూడు, నాలుగు స్థానిక మొక్కలు కలగలిపి చిక్కగా నాటుతారు. రెండు మూడేళ్లు నీళ్లు పోసి కలుపు తీస్తే తర్వాత దాని బతుకు అది బతుకుతుంది. పిట్టలు, సీతాకోకచిలుకలు వస్తాయి, నేల వాన నీటిని పీల్చుకుంటుంది. అయితే లోపలికి మనిషి వెళ్లలేడు. నీడ ఉంటుంది, ఆ నీడలో కూర్చునే చోటుండదు. కాలనీలో ఉన్న ఒక్క ఖాళీ స్థలంలో పిల్లలు క్రికెట్ ఆడుకుంటుంటే దాన్ని మియావాకీ చేయకండి. కంపెనీ గోడ పక్కన, డంపింగ్ ఆపేసిన చోట, పెద్ద పార్కులో ఎవరూ వాడని మూలన అయితే బాగుంటుంది. ఖర్చు దాదాపు అంతా మొదట్లోనే పెట్టాలి, కాబట్టి దాత దొరికితేనే దిగండి.

కాలువ గట్లు. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరి నడుమనుంచి పోతాయి. ఇంత పొడుగు నేల, పక్కనే నీళ్లు ఇంకెక్కడా దొరకవు. పెద్ద చెట్లకి ఇదే సరైన చోటు. అయితే వేసవిలో కాలువలు కట్టేస్తారు, మొక్కకి నీళ్లు బాగా కావాల్సింది అప్పుడే. దానికి ముందే ఏర్పాటు చేసుకోవాలి. గట్టు మీద కాపురముంటున్నవాళ్లతో మాట్లాడకుండా, సుందరీకరణ పేరుతో వాళ్లని లేపేసి మొక్కలు పెడితే అది న్యాయం కాదు. వాళ్లే ఆ చెట్లకి కాపలా అయ్యేలా చేసి, నీళ్లు పోసినందుకు కూలి ఇస్తే చెట్టూ బతుకుతుంది, వాళ్లకీ నాలుగు డబ్బులొస్తాయి.

కొండ మీది ఇళ్లు. మిగతా అన్నిటికన్నా ఇక్కడే ఎక్కువ ఆలోచించాలి. మొగల్రాజపురం, క్రీస్తురాజపురం, విద్యాధరపురం కొండల మీద మెట్ల దారుల్లో ఇళ్లున్నాయి. కింద బండ రాయి పగలంతా కాగి, రాత్రి వేడి వదులుతుంది. నీడ అవసరం బాగా ఉన్నది ఇక్కడే, నాటడం బాగా కష్టమైనదీ ఇక్కడే. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. కాబట్టి ఇంటి పైనున్న వాలులో పెద్ద గోతులు తవ్వకూడదు. తవ్విన గోతిలో వాన నీరు నిలిచి వాలుని మరింత వదులు చేస్తుంది. వాలు అంచుల్లో వట్టివేరు గడ్డి వరసలు, మెట్ల మలుపుల దగ్గర చదునుగా ఉన్న చోట వేప, సీతాఫలం లాంటి గట్టి మొక్కలు వేయండి. గుమ్మాల ముందు పెద్ద డ్రమ్ముల్లో పందిరి తీగలు పెంచుకోవచ్చు. బీర, సొర, చిక్కుడు తీగలు రేకుల కప్పు మీదికి ఎక్కితే ఆ ఎండాకాలానికే తేడా తెలుస్తుంది.

ఇంకో మాట. కొండ మీద బిందెలతో నీళ్లు మోసేది ఎక్కువగా ఆడవాళ్లే. ఇంటికి తాగే నీళ్లు మోసిన భుజం మీదే చెట్టు నీళ్లు కూడా పెట్టి, 'ప్రజల భాగస్వామ్యం' అని పేరు పెట్టకూడదు. అక్కడ పథకంలోనే నీటి ట్యాంకు, పైపు, కూలి ఉండాలి. అవి లేకపోతే మొక్కలివ్వడం కన్నా పందిళ్లకి కర్రలు, తీగ ఇవ్వడం మేలు.

## ఏ చెట్టు?

ఈ పట్టిక మన నేలకీ, మన వేసవికీ సరిపోయేలా వేసుకున్నది.

| చెట్టు | ఎండాకాలం నీడ | నీళ్లు నిలిస్తే | గాలివానకి | తగిన చోటు | ఇబ్బంది |
|---|---|---|---|---|---|
| కానుగ | దట్టం, వెడల్పు | తట్టుకుంటుంది | బాగానే నిలుస్తుంది | మామూలు వీధి, బస్ స్టాప్ | పూలు రాలి బండ్ల మీద పడతాయి |
| వేప | మంచిది | తట్టుకోదు | ఫర్వాలేదు | మెరక, కొండ పాదం | కొమ్మలు ఎండే తెగులు |
| నేరేడు | ఏడాది పొడుగునా దట్టం | తట్టుకుంటుంది | కొమ్మలు విరగొచ్చు | బడి, వెడల్పు వీధి | పండ్ల మరక, జారుడు |
| చింత | చాలా బాగుంటుంది | ఎక్కువ రోజులైతే కష్టం | చాలా గట్టిది | మైదానం, మెరక గట్టు | నెమ్మదిగా పెరుగుతుంది |
| పొగడ | దట్టం, చిన్న గొడుగు | కొంతవరకు | గట్టిది | ఇరుకు వీధి | బాగా నెమ్మది |
| తెల్లమద్ది | ఎత్తైన నీడ | బాగా తట్టుకుంటుంది | గట్టిది | కాలువ గట్టు | ఇంటి వీధికి పెద్దది |
| రావి, మర్రి | అన్నిటికన్నా ఎక్కువ | తట్టుకుంటాయి | గట్టివి | గుడి, చెరువు కట్ట | వేళ్లు గోడలు పగలదీస్తాయి |

ఒక్కటే చెప్పమంటే కానుగ అంటాను. మార్చి, ఏప్రిల్‌లో ఎండ ముదిరే వేళకి కానుగ లేత ఆకుపచ్చ చిగురు వేసి, మే నాటికి గొడుగులా కమ్మేస్తుంది. నీడ ఎప్పుడు కావాలో అప్పుడే ఇస్తుంది. ఎండకి తట్టుకుంటుంది, నీళ్లు నిలిచినా బతుకుతుంది, గాలిలోని నత్రజనిని నేలకి ఇస్తుంది. బుడమేరు పక్క పేటలకి ఇంతకన్నా నమ్మకమైన వీధి చెట్టు నాకు తెలియదు. ఆకుల మీద బుడిపెలు వస్తాయి, చూడ్డానికి బాగోదు గానీ చెట్టు చావదు.

వేప మీద మనకున్న ప్రేమ నాకూ ఉంది. ఉగాదికి పువ్వు, అమ్మవారికి మండ, పురుగుకి మందు. కానీ సింగ్‌నగర్ లాంటి పల్లపు చోట వేపని నమ్ముకోలేం, నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లుతాయి. పైగా కొన్నేళ్లుగా తెలుగు రాష్ట్రాల్లో వేపలు కొమ్మల చివరల నుంచి మాడిపోతూ వస్తున్నాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం దీనికి కారణమని చెబుతారు. చాలా చెట్లు మళ్లీ చిగురించాయి, కంగారుపడి కొట్టేయకండి. అయితే వీధి మొత్తం ఒకే జాతి పెడితే ఒక్క తెగులుకి వీధి మొత్తం బోడి అయిపోతుంది. ఏ జాతీ మూడో వంతు మించకుండా చూసుకోండి, కానుగైనా సరే.

నేరేడు బడుల దగ్గర వేయాల్సిన చెట్టు. జూన్‌లో బడి తెరిచేసరికి పండ్లుంటాయి. నోరు నల్లబడేలా తిన్న పిల్లలు ఆ చెట్టుని ఎవర్నీ కొట్టనివ్వరు.

తీగల కింద అయితే చిన్నవాటికే కట్టుబడాలి. పారిజాతం, దేవగన్నేరు, జామ, ఉసిరి, కరివేపాకు. వీటి నీడ కొంచెమే, కానీ ఏటా గొడ్డలి దెబ్బ తినని చెట్టు అది.

వద్దనేవి కూడా చెప్పాలి. కోనోకార్పస్ మన నేల చెట్టు కాదు. 2023లో గుజరాత్, 2025లో తమిళనాడు దాన్ని నాటొద్దని ఉత్తర్వులిచ్చాయి. పైపుల్లోకి వేళ్లు దూరడం, పుప్పొడి వల్ల ఊపిరి ఇబ్బందులు కారణాలుగా చెప్పారు. నా అభ్యంతరం ఇంకా మామూలుది. దాన్ని గోడలా కత్తిరించి పెంచుతారు, కింద నిలబడటానికి నీడ ఉండదు. తురాయి ఎర్రగా పూసినప్పుడు కళ్లు తిప్పుకోలేం, కానీ వేళ్లు పైపైనే ఉంటాయి, గాలికి కూలుతుంది. పార్కు మధ్యలో ఒకటి రెండు ఉంచుకోండి, నడిచే దారి మీద వద్దు. ఏడాకుల చెట్టు త్వరగా ఎదుగుతుంది. విశాఖలో 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత విస్తారంగా నాటారు. పూత కాలంలో ఆ ఘాటు వాసన పడక జనం ఇబ్బంది పడ్డారు. కిటికీల పక్కన, ఆస్పత్రుల దగ్గర అసలు వేయొద్దు.

## మీరు ఎవరు, ఏం చేయొచ్చు

అపార్ట్‌మెంట్ కమిటీ అయితే సెల్లార్ స్లాబు మీద మట్టి ఎంత లోతుందో ముందు కనుక్కోండి. స్లాబు మీద రెండడుగుల మట్టిలో కానుగ వేస్తే పదేళ్లకి ఇబ్బందే. నేల ఉన్నది గేటు బయటే అయితే అక్కడే వేయండి, కాపలాదారుకి నీళ్ల పని జీతంలో కలపండి. నీడ మీ గేటు ముందు ఇస్త్రీ బండి అతనికి పడినా అది మీ చెట్టే.

చిన్న సందులో సొంతిల్లు ఉండి రోడ్డు పది అడుగులే అయితే, ప్రతి ఇంటి ముందూ చెట్టు సాధ్యం కాదు. నాలుగిళ్లు కలిసి సందు మలుపులో ఒక్క పొగడో కానుగో పెద్దది చేయండి. మిగతా చోట్ల మేడ మీద నుంచి దిగే తీగలు.

అద్దెకుండేవాళ్లు 'మనదేముంది, రెండేళ్లలో ఖాళీ చేస్తాం' అనుకుంటారు. నిజానికి ఊళ్లో సగం ఎండ వాళ్ల నెత్తినే పడుతుంది. సొంతిల్లు లేకపోయినా వార్డు సచివాలయంలో అర్జీ పెట్టే హక్కుంది. బస్ స్టాప్, అంగన్‌వాడీ, మంచినీళ్ల పంపు, ఈ మూడు చోట్లా చెట్టు అడగండి. ఇంటి పేరు మీద పన్ను కట్టేవాళ్లతో పాటు ఆ వీధిలో బతికేవాళ్లందరి సంతకాలూ పెట్టించండి.

వ్యాపారస్తులకి ఎప్పుడూ ఒకటే టెన్షన్, బోర్డు కనపడదని. కింది కొమ్మలు పదడుగుల ఎత్తు వరకు తీసేస్తూ పెంచితే బోర్డూ కనపడుతుంది, బేరానికి వచ్చినవాళ్లు నీడలో ఆగుతారు కూడా.

## కొనేటప్పుడు, నాటాక

కడియం నర్సరీల నుంచి మనకి లారీల కొద్దీ మొక్కలొస్తాయి. ఎత్తు చూసి మోసపోకండి. ఒక కవరు కింద చింపించి చూడండి. వేళ్లు అడుగున గుండ్రంగా చుట్టుకుపోయి తాడులా ఉంటే ఆ మొక్క వద్దు. భూమిలో పెట్టినా ఆ చుట్టు విప్పుకోదు, పదేళ్లకి పెద్దయ్యాక మొదటి గాలివానకే నిలువునా పడుతుంది. ఆరడుగులుండి, కాండం బొటనవేలంత లావుతో, ఊతం లేకుండా నిలబడేది తీసుకోండి. వందమందికి వంద చిన్న మొక్కలు పంచి ఫొటో దిగేకన్నా, ఇలాంటివి ఇరవై కొని వాటి వెంట ఉండటం మేలు.

జూన్ చివర నుంచి ఆగస్టు వరకు నాటితే వేసవి వచ్చేలోపు వేళ్లు దిగుతాయి. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా రెండు మూడు రోజులకోసారి 15–20 లీటర్లు, పొద్దునే పోయాలి. చుట్టూ ఎండుటాకులు పరిస్తే తేమ నిలుస్తుంది. రెండో వేసవికి వారానికి ఒకసారి చాలు. నీళ్లు పోసే మనిషికి నెలకి ఎంతివ్వాలో నాటే ముందే మాట్లాడుకుని, ఆ రెండేళ్ల డబ్బు పక్కన పెట్టాకే మొక్కలు ఎన్నో నిర్ణయించండి.

ఇనప ట్రీగార్డు మేకల నుంచి కాపాడుతుంది, తీయడం మర్చిపోతే అదే చెట్టుని కోస్తుంది. కాండం లావెక్కేకొద్దీ ఊచ బెరడులోకి దిగి, చివరికి చెట్టులోపలే ఉండిపోతుంది. మూడో ఏడు వానలకి ముందు గార్డులన్నీ కోయించి తీసేయండి. బాగున్నవి ఆ ఏడాది చెట్లు లేని పక్క వీధికి ఇవ్వొచ్చు.